సిక్లిడ్‌ల రంగు వెలిసిపోతోందా? మేత మార్చే ముందు ఇది చూడండి

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను, ఈ రెండు చేపల్ని చూడండి. ఒకటి నీలంగా మెరిసిపోతోంది. రెండోది బూడిద రంగులో, ఫిల్టర్ పైపు వెనక నక్కి ఉంది. రెండూ ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతి పీకాక్ సిక్లిడ్‌లే, రెండూ మగవే. వయసూ ఒకటే, తినే మేతా ఒకటే.

ఇలాంటప్పుడు చాలామంది రంగు పెంచే మేత కొంటారు. మొదట్లో నేనూ కొన్నాను. నెల రోజులు వేసినా నీలం రాలేదు. ఎందుకంటే ఎరుపు, నారింజ రంగులకు కావలసిన కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు, అవి తిండిలోంచే రావాలి. అక్కడ క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్ర జీవి), స్పైరులినా (ఒక రకం నాచు) ఉన్న మేత పనికొస్తుంది. నీలం సంగతి వేరు. చర్మంలో ఉండే గ్వానిన్ స్ఫటికాల మీద వెలుతురు పడి వెనక్కి వస్తే కనిపించే రంగు అది. మగ చేప భయం లేకుండా, తన చోటు తనదే అన్నట్టు తిరిగినప్పుడే బాగా తేలుతుంది.

మరి ఈ బూడిద రంగు చేపని భయపెడుతున్నది ఎవరు? పది నిమిషాలు ట్యాంకు ముందు కదలకుండా కూర్చోండి, తెలిసిపోతుంది. ఇక్కడ నీలంగా ఉన్న పెద్దది దాన్ని తరుముతూనే ఉంది. తోక అంచు చిరిగింది, చూశారా? ఇంతకుముందు ఇలాగే నలిగిపోయిన ఒకదాన్ని వేరే ట్యాంకులోకి మారిస్తే, వారం తిరక్కముందే ముఖం మీద నీలం తేలింది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

ఇవాళ ముందు రాళ్ళన్నీ తీసేసి కొత్తగా పేరుస్తాను. పాత హద్దులు చెరిగిపోతే పెద్దదాని పెత్తనం కాస్త తగ్గుతుంది. అప్పటికీ కొడితే వేరు చేయాల్సిందే, ఆలస్యం చేయకండి.

రాళ్ళు బయట ఉన్నాయి కాబట్టి అడుగున చేరిన మురికిని కూడా సైఫన్‌తో లాగేద్దాం. వారానికి 25 నుంచి 30 శాతం నీళ్ళు మారిస్తే చాలు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, వేడి సరిచూసి పోయండి. మలావీ చేపలకు పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8 నుంచి 8.6, వేడి 24 నుంచి 27 డిగ్రీలు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను: పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. అందుకే ఈ ట్యాంకుల్లో చేపల మలినాల నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి, మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇదిగో, ట్యాంకులోంచి తీసిన ఈ నీళ్ళలోనే పిండాలి. డిస్కస్, రామ్ అనే దక్షిణ అమెరికా సిక్లిడ్‌లు పెంచేవాళ్ళు ఈ పీహెచ్ లెక్కలు తీసుకోకండి, వాటికి పీహెచ్ తక్కువుండే మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్ళు కావాలి.

మీ దగ్గర ఎంబూనాలు అనే మలావీ సిక్లిడ్‌లుంటే ఇంకో జాగ్రత్త. అవి రాళ్ళ మీది నాచు గీరుకుని బతికే చేపలు, పేగు పొడవు. మాంసం ఎక్కువైతే అరగదు. పొట్ట ఉబ్బి, తిండి మానేశాయంటే తేలిగ్గా తీసుకోకండి.

సరే, రాళ్ళు పేర్చేశాను. ఈసారి గుహలు ఎక్కువ, ప్రతి గుహకీ రెండు దారులు. ఇసుక నల్లదే ఉంచాను, తెల్లటి అడుగు మీద చేపలు పాలిపోతాయి. లైటు ఆపేస్తున్నాను, ఇవాళ్టికి మేత వేయను. చూడండి, చిన్నది పైపు వెనక నుంచి బయటికొచ్చి ఎడమ పక్క గుహలోకి తొంగి చూస్తోంది.