జలుబుకి మూలికల మందులు: డబ్బా వెనక్కి తిప్పి చూద్దాం

నమస్తే అండీ. ఏ మూలిక జలుబుని తొందరగా తగ్గిస్తుందో చెప్పే వీడియో కాదిది. ఏది ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం. జలుబు ఎలాగూ వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. దానికోసం వేసుకున్న మందు కొత్త జబ్బు తెచ్చిపెడితే ఏం లాభం?

ముందు అతిమధురం. దగ్గు సిరప్పుల్లో, గొంతు బిళ్లల్లో, కషాయం పొడుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చిక్కంతా అందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థంతో. మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ని పనిచెయ్యకుండా ఆపే ఎంజైమ్ ఒకటుంటుంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. అప్పుడు ఆ కార్టిసాల్ ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపేస్తుంది, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. ఫలితంగా బీపీ పెరుగుతుంది, పాదాలు వాస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ కూడా తప్పొచ్చు.

లెక్క చూడండి. గ్లైసిరైజిన్ రోజుకి 100 మిల్లీగ్రాములు దాటొద్దన్నది యూరప్‌లో నిపుణుల సలహా. వేరులో అది 4 శాతం ఉందనుకుంటే, రెండున్నర గ్రాముల పొడితోనే ఆ హద్దుకి చేరిపోతాం. పొద్దున కషాయం, మధ్యాహ్నం బిళ్లలు, రాత్రి సిరప్ అంటే మూడింట్లోదీ కలిపి లెక్కెయ్యాలి. బీపీ ఉన్నవాళ్లు, నీరు తీసే మాత్రలు లేదా డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లు, గర్భిణులు అసలు ముట్టుకోకపోవడమే మంచిది. మానేసిన మర్నాడే అంతా సర్దుకోదు, ఒకట్రెండు వారాలు పట్టొచ్చు.

తర్వాత ఎకినేషియా. ఇది చామంతి కుటుంబం మొక్క. చామంతి పుప్పొడి పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు. 2003లో అచ్చయిన ఒక పరీక్షలో 2 నుంచి 11 ఏళ్ల పిల్లలకి ఇచ్చి చూశారు. ఎకినేషియా వాడిన జలుబుల్లో 7.1 శాతంలో దద్దుర్లు వచ్చాయి, ఉత్తుత్తి మందు వాడినప్పుడు 2.7 శాతంలోనే. పైగా జలుబు త్వరగా తగ్గిందీ లేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వొద్దని బ్రిటన్ 2012లో చెప్పింది.

నేలవేము చేదు సంగతి అందరికీ తెలిసిందే. వికారం, కడుపునొప్పి మామూలు. అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది: పెదాలు వాచి, ఊపిరి ఆడదు. అలా జరిగితే ఇంకో డోసు కాదు, ఆసుపత్రి.

పసుపు, వెల్లుల్లి మాత్రలు? రక్తం పలచబడే మందులతో కలిపితే రక్తస్రావం పెరగొచ్చు. ఆపరేషన్ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.

నీలగిరి తైలం, కర్పూరం పసిపిల్లల ముక్కు దగ్గర రాయకండి. కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. తేనె కలిపిన సిరప్ ఏడాదిలోపు బిడ్డకి వద్దు, బొటులిజం, అంటే కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది.

ఇక లేబుల్ మీద ఎఫెడ్రా లేదా దాని చైనా పేరు మా హువాంగ్ అని ఉంటే ఈ వీడియోలో దానికి సున్నా మార్కులు. గుండె దడ, బీపీ, పక్షవాతం ముప్పు ఉన్నాయని అమెరికా 2004లోనే ఆ సప్లిమెంట్లని నిషేధించింది. ఏయే మూలిక ఎన్ని మిల్లీగ్రాములో రాయని డబ్బాకీ నేనిచ్చేది సున్నానే.