సెలూన్ అద్దాలు, రెండు నిమిషాల భవిష్యత్తు

నమస్తే. ఈ సినిమా గురించి ఎవరికి చెప్పినా నాకు రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, "ఓ, టైమ్ ట్రావెలా?" ఇంకోటి, "ఫోన్‌తో తీసిందేగా, సింగిల్ షాట్ గిమ్మిక్కు." మొదటిది చిన్న పొరపాటు, సర్దుకోవచ్చు. రెండోది విన్నప్పుడల్లా మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకో చెప్పడానికే ఈ వీడియో.

సినిమా పేరు బియాండ్ ది ఇన్ఫినిట్ టూ మినిట్స్. జపాన్ సినిమా, 2020లో వచ్చింది. నిడివి 70 నిమిషాలు. దర్శకుడు జుంటా యమగుచి, రచయిత మకోతో ఉయెదా. నటించింది చాలావరకు యూరప్ కికాకు అనే నాటక బృందం. పేరులో యూరప్ ఉంది గానీ వాళ్లు క్యోటో వాళ్లు. 1998లో కాలేజీ కుర్రాళ్లు మొదలుపెట్టిన బృందం, ఇప్పటికీ నాటకాలు వేస్తూనే ఉంది. కథంతా ఒక కెఫే, ఆ బిల్డింగ్‌లో పై అంతస్తులు, మెట్లు, పక్క షాపు. అంతకు మించి లొకేషన్ లేదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ సినిమాని మొదట వేసిన టోక్యో థియేటర్ పేరు టాలీవుడ్. అవును, టాలీవుడ్డే. షిమోకితజవా అనే పేటలో, షార్ట్ ఫిల్ములకు పేరున్న బుల్లి హాలు. ఆ పేరు చదివి నేను కాసేపు అక్కడే ఆగిపోయాను.

సరే, విషయంలోకి వద్దాం.

[తెర మీద: ఎదురెదురుగా రెండు అద్దాలు, మధ్యలో కుర్చీ]

చిన్నప్పుడు కటింగ్ షాపులో కూర్చున్నది గుర్తు తెచ్చుకోండి. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి దాని మీద మనల్ని కూర్చోబెట్టేవాళ్లు. ముందు ఒక అద్దం, వెనక గోడకి ఇంకో అద్దం. ముందు అద్దంలో నా ముఖం, దాని లోపల నా మెడ, దాని లోపల మళ్లీ నా ముఖం. అలా చిన్నదవుతూ, కాస్త పచ్చబడుతూ లోపలికి పోయేది. తల కదపొద్దురా అని అంటున్నా సరే, చివరిది ఎక్కడుందా అని నేను మెడ చాచేవాణ్ని. ఈ సినిమా మొత్తం ఆ కుర్చీలోనే ఉంది. ఆ కుర్చీని గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తాను.

కథ ఇలా మొదలవుతుంది. కాటో అనే అతను కెఫే నడుపుతుంటాడు. రాత్రి షాపు మూసే వేళకి పైన తన గదికి వెళ్తాడు. గిటార్ తీగలు మీటే పిక్ కోసం వెతుక్కుంటుంటే కంప్యూటర్ మానిటర్‌లో ఒక మనిషి కనిపిస్తాడు. చూస్తే అది తనే. కింద కెఫేలో నిలబడి తనతోనే మాట్లాడుతున్నాడు. రెండు నిమిషాల తర్వాతి నిన్ను నేను అంటాడు. పిక్ ఎక్కడుందో కూడా చెబుతాడు. వెతికితే అక్కడే ఉంటుంది. కాటో కిందికి పరిగెత్తుతాడు. కెఫే టీవీలో తన గది కనిపిస్తుంది. గదిలో రెండు నిమిషాల కిందటి తను, అయోమయంగా ఇటే చూస్తుంటాడు. ఇప్పుడు ఈ కాటో ఏం చేయాలి? ఇందాక తను ఏ మాటలు విన్నాడో, అవే మాటలు టీవీ ముందు నిలబడి చెప్పాలి.

రూల్ ఇంతే. దీన్ని వీడియో కాల్ అనుకోండి. పై గదిలో టైమ్ 9 గంటలు, కింద కెఫేలో 9 గంటల 2 నిమిషాలు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. ఎవరూ కాలంలోంచి ఎటూ కదలరు. బొమ్మ వస్తుంది, మాట వస్తుంది, అంతే. అందుకే టైమ్ ట్రావెల్ అనొద్దు అంటున్నాను.

రెండు నిమిషాలు అని పెట్టడమే ఎంత గొప్ప ఆలోచనో చూడండి. లాటరీ నంబరు తెలుసుకోవడానికి చాలదు. షేర్లు కొనడానికి చాలదు. ఎవరినీ ప్రమాదంలోంచి తప్పించడానికీ దాదాపు చాలదు. ఇంత పనికిరాని భవిష్యత్తు చేతికిస్తే మనుషులు ఏం చేస్తారు? పిల్లల్లా ఆడుకుంటారు. కాటో స్నేహితులు వస్తారు, చూస్తారు, ఇక వాళ్లను ఆపడం ఎవరి తరం కాదు. పై గదిలో మానిటర్‌ని కిందికి మోసుకొచ్చి, కెఫే టీవీకి ఎదురుగా పెడతారు.

అదిగో, మన సెలూన్.

ఇప్పుడు మానిటర్‌లో రెండు నిమిషాల తర్వాతి కెఫే కనిపిస్తుంది. ఆ కెఫేలోనూ ఇదే మానిటర్ ఉంది కదా, అందులో నాలుగు నిమిషాల తర్వాతిది. దాని లోపల ఆరు. దాని లోపల ఎనిమిది. టీవీ వైపు చూస్తే ఇదే వరస వెనక్కి పోతుంది. లోపలి బొమ్మలో ఉన్న నేను తనకంటే రెండు నిమిషాల కిందటి నాకు చెబితే, ఆ నేను ఇంకో రెండు నిమిషాల కిందటి నాకు చెబుతాడు. బావి దగ్గర నుంచి ఇంటిదాకా వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, కబురు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెనక్కి వస్తుంది. తెరలు ఎదురెదురుగా ఉన్నంతసేపే ఈ వరస. ఎవరైనా ఒక అద్దం తిప్పేస్తే అక్కడితో తెగిపోతుంది.

బొమ్మలో బొమ్మ ఇలా పోతూ ఉండటాన్ని ద్రోస్తె ఎఫెక్ట్ అంటారు. ద్రోస్తె నెదర్లాండ్స్‌లో ఒక కోకో కంపెనీ. 1904 నాటి వాళ్ల డబ్బా మీద ఒక నర్సు ట్రే పట్టుకుని ఉంటుంది. ట్రేలో అదే డబ్బా, దాని మీద అదే నర్సు. సినిమా జపనీస్ పేరులోనే ద్రోస్తె అన్న మాట ఉంది.

చాలామంది రివ్యూలు ఇక్కడిదాకా వచ్చి, ఐడియా బాగుంది అని ఆగిపోతాయి. నాకు ఈ సినిమా మీద ప్రేమ మొదలయ్యేది ఇక్కడి నుంచే.

మళ్లీ సెలూన్‌కి వెళ్దాం. మీరు కుర్చీలో ఉన్నారు. ఎదురుగా అద్దంలో కనిపిస్తున్నది రెండు నిమిషాల తర్వాతి మీరు. ఆ మీకు మీసం లేదు. నవ్వుతూ, "చాలా బాగుంది, తీయించెయ్" అంటున్నాడు. తీయించుకోవాలని మీకు అంతవరకూ ఆలోచనే లేదు. కానీ బాగుందని తనే చెబుతున్నాడు కదా. తీసెయ్యమంటారు. రెండు నిమిషాలు గడుస్తాయి. చూసుకుంటే మీ ముఖం మీకే నచ్చలేదు. ఇప్పుడు తల తిప్పితే వెనక అద్దంలో రెండు నిమిషాల కిందటి మీరు, మీసంతో, ఆశగా ఇటే చూస్తున్నాడు. మీరేం చేస్తారు? నవ్వుతారు. "చాలా బాగుంది, తీయించెయ్" అంటారు. ఎందుకంటే మీరు అలా అన్నారని మీకు ముందే తెలుసు.

మరి మీసం తీయాలన్న నిర్ణయం ఎవరిది? కుర్చీలో ఉన్నవాడిది కాదు, వాడు విని చేశాడు. అద్దంలో వాడిదీ కాదు, వాడు చెప్పాల్సి వచ్చి చెప్పాడు. ఎవరూ నిర్ణయించలేదు, కానీ మీసం పోయింది.

సినిమాలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇక్కడ కొంచెం కథ చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఒక నిమిషం ముందుకు జరపండి. కాటోకి పక్క షాపులో పనిచేసే మెగుమి అంటే ఇష్టం. ఆ షాపు కూడా బార్బర్ షాపే, అందుకే నాకు సెలూన్ తప్ప వేరే పోలిక తట్టలేదు. భవిష్యత్తులోంచి కబురొస్తుంది: వెళ్లి నీ మ్యూజిక్ షోకి పిలువు, వస్తానంటుంది అని. వెళ్తాడు, పిలుస్తాడు. ఆమె రానంటుంది. ముఖం వేలాడేసుకుని తిరిగొస్తాడు. స్నేహితులు అతన్ని టీవీ ముందుకు తోస్తారు. ఇందాక చూసినట్టే చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. కాటో నవ్వు తెచ్చుకుని, వస్తానంది అని రెండు నిమిషాల కిందటి తనకే అబద్ధం చెబుతాడు.

మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. రెండోసారి చూసినప్పుడు గొంతు పట్టేసింది. భవిష్యత్తు అబద్ధం చెప్పగలదని, అది కూడా మోసం చేద్దామని కాకుండా భయంతో చెబుతుందని నాకు ఇంకే సైన్స్ ఫిక్షన్ సినిమా చెప్పలేదు. తెర మీద భవిష్యత్తు కనిపించిన క్షణం నుంచి వీళ్లంతా దానికి పనివాళ్లు అయిపోతారు. చూశాం కాబట్టి చేయాలి. కాటో ఒక్కడే మొదటి నుంచి ఇది వద్దురా అంటుంటాడు. ఎవరూ వినరు.

ఇక సింగిల్ షాట్ సంగతి.

సినిమా మొత్తం ఒకే షాట్‌లా, కెమెరా మధ్యలో ఎక్కడా ఆపనట్టే కనిపిస్తుంది. నిజానికి విడివిడిగా తీసిన పొడవాటి షాట్లను అతుకు తెలియకుండా కలిపారు. కెమెరా స్మార్ట్‌ఫోన్. డబ్బుల్లేక ఫోన్, గొప్ప కోసం సింగిల్ షాట్ అనుకుంటారు చాలామంది. ఒక్కసారి ఆలోచించండి. కాటో పైన మాట విన్నాడు, మెట్లు దిగాడు, అదే మాట కింద చెప్పాడు. మధ్యలో కట్ పడితే ఏమవుతుంది? ఆ రెండు నిమిషాలు ఎడిటింగ్ టేబుల్ మీద ఎవరో అమర్చినవి అయిపోతాయి. అరగంట అని చెప్పినా నమ్మాలి, పది సెకన్లు అని చెప్పినా నమ్మాలి. కట్ లేనప్పుడు మాత్రం ఆ రెండు నిమిషాలూ మనమూ గడుపుతాం. మెట్లు దిగుతుంటే మనకీ టెన్షన్, టైమ్ అయిపోతోంది, ఇంకా టీవీ దగ్గరికి చేరలేదు అని. ఈ కథని ఇంకోలా తీయడానికి వీల్లేదు. 100 కోట్లు ఇచ్చినా ఇలాగే తీయాలి. ఇరుకు మెట్ల మీద మనిషి వెనకే దిగడానికి చేతిలో పట్టే కెమెరా కావాలి, అందుకు ఫోన్ సరిగ్గా సరిపోయింది.

ఇంకా లోతుకి వెళ్తే, నటుల పరిస్థితి చూడండి. మానిటర్‌లో కనిపించే భవిష్యత్తు ముందే తీసి పెట్టుకున్న వీడియో. అంటే నటుడు ముందుగా భవిష్యత్తుని నటించాలి. తర్వాత దాన్ని చూస్తూ వర్తమానం నటించాలి. ఆ తర్వాత, ముందే నటించిన ఆ భవిష్యత్తుని అదే మాట, అదే చెయ్యి, అదే సెకనులో మళ్లీ నటించాలి. తెర మీద కాటోకి ఉన్న ఇబ్బందే కజునారి తోసా అనే నటుడికీ ఉంది. చూసేశావు, ఇక అలాగే చేయాలి. పాత్ర, నటుడు ఒకే కుర్చీలో కూర్చున్నారు, ఇద్దరి ముందూ అదే అద్దం. ఏళ్ల తరబడి ఒకే బృందంగా నాటకాలు వేసినవాళ్లు కాబట్టి చేయగలిగారు. డబ్బు పెట్టి కొనగలిగే నైపుణ్యం కాదిది.

చాలా టైమ్ తీసుకున్నాను, మిగతాది గబగబా చెప్పేస్తాను. రెండో సగంలో డబ్బు వస్తుంది, ఆ డబ్బు తాలూకు గూండాలు వస్తారు, మెగుమి చిక్కుల్లో పడుతుంది. మొదట్లో ఆటలా అనిపించిన చిన్న చిన్న వస్తువులు అక్కడ పనికొస్తాయి. ఏవో చెప్పను. ఆ తర్వాత ఇంకా పెద్ద మలుపు ఉంది, అదీ చెప్పను. చివర్లో హడావిడి కొంచెం ఎక్కువైందని నా అభిప్రాయం. కాటో, మెగుమి మాట్లాడుకునే ఘట్టం వచ్చేసరికి మళ్లీ నెమ్మదిస్తుంది, అక్కడ నాకు అన్నీ మర్చిపోవాలనిపిస్తుంది.

ఇది నచ్చితే ఇదే దర్శకుడు, ఇదే రచయిత 2023లో తీసిన రివర్ చూడండి. క్యోటో దగ్గర కిబునే అనే కొండ ఊళ్లో ఒక సత్రం, అక్కడ ప్రతి రెండు నిమిషాలకీ కాలం వెనక్కి వెళ్తుంది. ఈ సినిమాలో ఆయా అనే పేరున్న కెఫే అమ్మాయిగా చేసిన రికో ఫుజితానియే అందులో ప్రధాన పాత్ర. దాని గురించి ఇంకో వీడియో చేస్తాను.

చూసేటప్పుడు రెండు పనులు చేయండి. భవిష్యత్తు కాటో మొదటిసారి మానిటర్‌లోకి రాగానే మీ వాచీలో టైమ్ చూసుకోండి, కాటో టీవీ ముందు నిలబడేసరికి మళ్లీ చూడండి. ఇంకోటి, సినిమా అయిపోయాక లేవొద్దు. పేర్లు పడుతుంటే షూటింగ్ దృశ్యాలు వేస్తారు. ఫోన్ పట్టుకుని ఆ మెట్ల మీద మొత్తం బృందం ఎలా పరిగెత్తిందో అక్కడ కనిపిస్తుంది.