మౌస్ ఎందుకు లేటుగా కదులుతోంది?

(ఎవరైనా కోడ్ చూసి, మార్చి, పంచుకోగల ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం జరిపే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే సందర్భంగా ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ఇద్దరు చదివారు, మూడోసారి నేను చదవను, ఏమీ అనుకోకండి. ఒక సిస్టమ్ తెరను నెట్ మీదుగా పంపే సన్‌షైన్, దాన్ని ఇంకో చోట చూపించి నడపనిచ్చే మూన్‌లైట్, ఈ రెండు ప్రోగ్రాములూ పెట్టి చూపించమని నన్ను పిలిచారు. చూపిస్తాను. దానికి పది నిమిషాలు చాలు. మిగతా టైమంతా నా కడుపుమంట వినాలి మీరు, తప్పదు.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద సిస్టమ్ విజయవాడ స్టూడియోలో ఉంటుంది. నాన్నకు ఒంట్లో బాగోక నేను తెనాలిలో ఉండాల్సొచ్చింది, అక్కడున్నదేమో పాత లాప్‌టాప్. సరే, ఈ రెండూ పెట్టి స్టూడియో సిస్టమ్‌నే ఇంటి నుంచి నడుపుదామనుకున్నా. జీలకర్ర బెల్లం పెట్టే షాట్‌లో కట్ ఒక్క ఫ్రేమ్ అటూ ఇటూ అయినా కంటికి తెలిసిపోతుంది. అలాంటిది, మౌస్ లాగితే టైమ్‌లైన్ కాసేపటికి కదులుతుంది, నేను చెయ్యి తీసేశాక కూడా ఇంకా జరుగుతూనే ఉంటుంది, వెనక్కి లాగితే ఈసారి అటువైపు దాటిపోతుంది. గంట కూర్చుంటే తలనొప్పి.

నెట్ వాళ్లకు ఫోన్ చేశాను. ఏ కంపెనీ అని అడక్కండి. అవతల అబ్బాయి ఒకటే మాట: "మీది వంద ఎంబీపీఎస్ ప్లాన్ కదా సార్, మూడొందలకు మారండి." నేనడిగా, బాబూ, మూన్‌లైట్ 1080పీ, 60 ఫ్రేములకు తనంతట తను పెట్టుకునేదే 20 ఎంబీపీఎస్, వందలోనే ఎనభై ఖాళీగా ఉంటే మూడొందలు దేనికి? "స్పీడ్ ఎక్కువ ఉంటుంది సార్." ఏ స్పీడు? "నెట్ స్పీడు సార్." మళ్లీ చేస్తే ఇంకో అమ్మాయి, అదే మాట. లైన్‌మ్యాన్ వచ్చాడు, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి "ఫుల్ వస్తోంది కదా" అని చూపించి వెళ్లిపోయాడు. ఫుల్లే వస్తోంది! రాలేదని నేననలేదు కదా!

ఇక్కడ ఎంతమంది ఇళ్లల్లో లాగ్, అంటే ఈ లేటు, వస్తోందని ప్లాన్ పెంచుకున్నారు? చేతులెత్తండి. చూశారా? పెంచాక తగ్గినవాళ్లు మాత్రం చెయ్యి ఉంచండి. ఆ వెనక బెంచీ అబ్బాయొక్కడే. నీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఎంబీపీఎస్ అంటే సెకనులో ఎంత సరుకు పడుతుందనే లెక్క. ఒక్కో ముక్క చేరడానికి ఎంతసేపు పడుతుందో అది చెప్పదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకండ్లు. స్టూడియోలో కార్డు తెరను పట్టుకోవాలి, కుదించాలి, పంపాలి, ఇక్కడ లాప్‌టాప్ దాన్ని విప్పాలి, తెర మీద చూపించాలి. వీటిలో ఎక్కడ ఆగినా నాకు కనిపించేది ఒకటే, లేటు. ఎక్కడ ఆగిందో తెలియకుండా డబ్బు దేనికి కట్టాలి?

అది మూన్‌లైటే చెబుతుంది. స్ట్రీమ్ నడుస్తుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కండి. రాసుకోండి ఇది, ఇవాళ మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. తెర మూలన లెక్కలు వస్తాయి. నెట్‌వర్క్ ఆలస్యం ఎంత, దారిలో పోయిన ఫ్రేములెన్ని, డీకోడింగ్‌కు, అంటే కుదించినదాన్ని విప్పడానికి, ఎంత పడుతోంది. నాకు నెట్‌వర్క్ ఆలస్యం ఒక్కోసారి 6 మిల్లీసెకండ్లు, ఒక్కోసారి మూడంకెల్లో. డీకోడింగ్ 30 దగ్గర. అంటే జబ్బులు రెండు.

డీకోడింగ్ సంగతి తేలిగ్గా తేలింది. పాత లాప్‌టాప్ చిప్పు హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియోను హార్డ్‌వేర్‌లో విప్పలేక సీపీయూ మీద పడేస్తోంది. సెట్టింగ్స్‌లో హెచ్.264 అనే ఇంకో పద్ధతికి మార్చాను, ఫ్యాను అరవడం కూడా మానేసింది. హోస్ట్ వైపు, అంటే తెరను పంపే సిస్టమ్ వైపు కూడా అంతే, ఎన్‌విడియా అయితే ఎన్‌వెంక్, ఇంటెల్ అయితే క్విక్‌సింక్, తెరను కార్డులోనే కుదించే ఏదో ఒక హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ పనిచేస్తోందో లేదో సన్‌షైన్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైల్లో చూసుకోండి.

రెండోదే అసలు దొంగ. స్టూడియోలో కుర్రాళ్లు సాయంత్రం ఫుటేజ్ క్లౌడ్‌లోకి ఎక్కిస్తారు. సరిగ్గా అప్పుడే నా మౌస్ ఈత కొడుతుంది. అక్కడి రౌటర్ ఏం చేస్తుందంటే, అప్‌లోడ్ నిండిపోయినా వచ్చిన ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, వదిలెయ్యకుండా లోపల పేర్చుకుంటుంది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లు చూశారుగా, ఎవర్నీ వెనక్కి పంపరు, అందరికీ దర్శనం అవుతుంది, ఎప్పుడనేదే చెప్పలేం. నా మౌస్ తాలూకు ఫ్రేములు ఆ కుర్రాళ్ల ఫుటేజ్ వెనక క్యూలో కూర్చున్నాయి. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుంది. స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించే పింగ్, అంటే ఒక ముక్క పోయి రావడానికి పట్టే టైము, లైను ఖాళీగా ఉన్నప్పటిది. డౌన్‌లోడ్, అప్‌లోడ్ నడిచేటప్పటి పింగ్ కూడా కొన్ని చూపిస్తాయి, అది చూడండి. లైన్‌మ్యాన్ అది చూపించడు.

మందు ఉంది, డబ్బులు కూడా పెద్దగా అక్కర్లేదు. బ్యాకప్ ప్రోగ్రాముకు అప్‌లోడ్ హద్దు పెట్టండి. కంపెనీదానికి బదులు రౌటర్లో వేసుకునే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటరైతే, క్యూ పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం పెట్టి, అందులో కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, లైను స్పీడుకు కాస్త తక్కువ అంకె ఇవ్వండి. ఇది కూడా ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఎవరో కూర్చుని రాసి ఊరికే ఇచ్చారు. మూడొందల ప్లాన్ అమ్మజూసిన కంపెనీ రౌటర్లో ఈ ఆప్షనే లేదు! సరే, వదిలేద్దాం... వదలను, బిల్లు నెలనెలా నేనే కదా కడుతున్నాను.

ఇంట్లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదుంటే 5కు మారండి. వీలైతే వైఫై తీసేసి లాన్ కేబుల్ గుచ్చండి. వైఫైలో పింగ్ సగటు బాగానే కనిపిస్తుంది, మధ్యమధ్యలో ఎగిరి పడుతుంది, చేతికి తగిలేది ఆ ఎగుడుదిగుడే. ఈ స్ట్రీమ్ యూడీపీ మీద, అంటే పోయిన ముక్కను తనంతట తను మళ్లీ పంపని పద్ధతి మీద నడుస్తుంది. లేటుగా వచ్చిన ఫ్రేము వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే, అందుకే మళ్లీ పంపమని అడగడం కంటే ముందే సన్‌షైన్ 20 శాతం అదనపు డేటా కలిపి పంపిస్తుంది, కొన్ని ప్యాకెట్లు పోయినా అవతల పూడ్చుకోవడానికి.

బయటి నుంచి అసలు కనెక్టే అవ్వట్లేదా? హోస్ట్ ఉన్నచోట రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు రౌటర్‌కున్న అడ్రసు, చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు, అంటే కంపెనీ చాలామందికి కలిపి ఒకే బయటి అడ్రసు ఇచ్చినట్టు, బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి సిస్టమ్‌కు పంపమని రౌటర్‌కు చెప్పే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా దండగ. రెండు సిస్టమ్‌ల మధ్య సొంత దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి, పెట్టాక స్టేటస్‌లో 'డైరెక్ట్' అనుందో 'రిలే' అనుందో చూడండి. రిలే అయితే మీ ఫ్రేములు ఇంకెక్కడో ఉన్న సర్వర్ చుట్టి వస్తున్నాయి. సన్‌షైన్ సెట్టింగ్స్ పేజీ, 47990 పోర్టు, అది మాత్రం ఇంటర్నెట్‌కు తెరవకండి. దణ్ణం పెట్టి చెబుతున్నా.

అమెరికాలో అన్నయ్య సిస్టమ్‌లో గేమ్ ఆడొచ్చా అని పొద్దున ఒకమ్మాయి అడిగింది. డల్లాస్ ఇక్కడికి 14,000 కిలోమీటర్లకు పైనే, ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, పోయి రావడానికే 140 మిల్లీసెకండ్లు. ఏ ప్లానూ దాన్ని తగ్గించదమ్మా. చెస్ ఆడుకోండి.

ఇంతకీ ఈ రోజుకూ దీనికీ ఉన్న సంబంధం చెప్పలేదు. మూన్‌లైట్‌ను మొదలుపెట్టింది అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు, అప్పట్లో పేరు లైమ్‌లైట్. ఆట తెరను ఇంకో పరికరానికి పంపే ఎన్‌విడియా వాళ్ల గేమ్‌స్ట్రీమ్‌కు క్లయింట్‌గా, అంటే అందుకునే వైపు ప్రోగ్రాముగా, రాశారు. ఆ గేమ్‌స్ట్రీమ్‌ను 2023 ఫిబ్రవరి నుంచి తీసేస్తామని కంపెనీ చెప్పింది. అప్పటికే సన్‌షైన్ ఉంది కాబట్టి హోస్ట్ వైపు మన పని ఆగలేదు, పైగా ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులున్నవాళ్లకూ పనికొచ్చింది. దాని కోడ్ తెరిచి ఉంది, మీలో ఎవరైనా చదవొచ్చు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట. మానిటర్ ఆపేస్తే నల్ల తెర వస్తే మానిటర్ ఉన్నట్టు సిస్టమ్‌ను నమ్మించే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ ఒకటి పెట్టండి. సిస్టమ్ స్లీప్‌లోకి పోకుండా చూడండి. కరెంటు పోయి వచ్చాక దానంతటది ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే సిస్టమ్ మూల సెట్టింగ్స్‌లో, పెట్టుకోండి, లేకపోతే తెనాలి నుంచి విజయవాడ బస్సెక్కాలి.

భోజనాలయ్యాక ల్యాబ్‌కు రండి. ఒకరు స్ట్రీమ్ నడుపుతుంటే పక్కన ఇంకొకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తారు, పింగ్ ఎక్కడిదాకా పోతుందో చూద్దాం. లాన్ కేబుల్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, నా దగ్గర రెండే ఉన్నాయి. వెనక బెంచీ బాబూ, నువ్వు తప్పకుండా రా, నీకెలా తగ్గిందో నాకూ తెలియాలి.