అటకామా ఉప్పులో లిథియం ఎక్కడిది?

శారద: నమస్కారం. ఈ వారం మన విషయం కాటమార్కా. అర్జెంటీనాలోని ఆ రాష్ట్రంలో మన ప్రభుత్వ సంస్థ కాబిల్ 2024 జనవరిలో ఐదు లిథియం బ్లాకులకు ఒప్పందం చేసుకుంది. అన్నయ్యా, ముందే చెబుతున్నాను, నౌపడ ఉప్పు మడుల జోలికి వెళ్ళవద్దు.

మాధవ్: ఉప్పు గురించి మాట్లాడుతూ నౌపడను వదిలేయమంటే ఎలాగమ్మా?

శారద: ఆ ప్రాంతంలో లిథియం ఎక్కడిదంటే: ఎడారి, ఎండ, ఎండిన సరస్సు. నీరు ఆవిరైంది, లిథియం మిగిలింది. ఆ సంగతి అంతే. ఇక ఒప్పందం...

మాధవ్: అంతే ఎలా అవుతుంది? ఎండ ఒక్కటే చాలితే మృత సముద్రం నిండా లిథియమే ఉండాలి. అదీ ఎడారే, అక్కడి నీరూ బయటికి పోదు. అయినా లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపే. చిలీలోని అటకామా సలార్ అనే ఉప్పు మైదానం నీటిలో సగటున 1,400 పైచిలుకు!

శారద: ఒకప్పుడు సముద్రపు నీరు అక్కడ చిక్కుకుపోయి ఉండవచ్చు కదా?

మాధవ్: లెక్క వేసి చూడు. సముద్రంలో లీటరుకు 0.18 మిల్లీగ్రాములు. ఆ నీరు దాదాపు 8,000 లీటర్లు ఇగిరి ఒక్క లీటరైతే గానీ అటకామా స్థాయికి రాదు. అక్కడి లిథియం ఆండీస్ అగ్నిపర్వతాలది. పేలుళ్ళలో కురిసిన బూడిద గట్టిపడి ఇగ్నింబ్రైట్ రాయి అయింది. వాననీరు, కరిగిన మంచు, భూమి లోపలి వేడినీరు దాన్ని వేల ఏళ్ళుగా కడుగుతున్నాయి. దగ్గరలోని ఎల్ టాటియో వేడినీటి బుగ్గల్లోనూ లిథియం ఉంది.

శారద: సరే, వచ్చింది. మిగతా ఉప్పులతో పాటు ఎందుకు గడ్డకట్టలేదు?

మాధవ్: నౌపడ.

శారద: అన్నయ్యా!

మాధవ్: అక్కడి మడుల్లో చూశావు కదా. నీరు చిక్కబడేకొద్దీ ముందు జిప్సం దిగుతుంది, తర్వాత ఉప్పు. చివరికి వేళ్ళ మధ్య నూనెలా జారే చేదు నీరు మిగులుతుంది. మెగ్నీషియం అంతా అందులోనే. అటకామాలోనూ వరుస అలాగే మొదలవుతుంది. లిథియం అయాన్ చాలా చిన్నది, చుట్టూ ఉన్న నీటి అణువులను గట్టిగా పట్టుకుంటుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో మామూలు ఉప్పు 36 గ్రాములు కరిగితే, లిథియం క్లోరైడ్ 80 గ్రాముల పైనే కరుగుతుంది. అందుకే నేల కింది ఉప్పునీటిని తోడి, మడి నుంచి మడికి పంపుతూ ఏడాదికి పైగా ఎండబెడతారు. నీలంగా ఉన్న నీరు పసుపు పచ్చగా మారేసరికి లిథియం 6 శాతానికి చేరుతుంది. అప్పుడు మిగిలిన మెగ్నీషియం తీసేసి, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి వేడి చేస్తారు. అలా ఏర్పడే లిథియం కార్బొనేట్ వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే అడుగున దిగుతుంది, తెలుసా? ఎంత అందమైన రసాయనమో!

శారద: ఆ ఏడాదిలో గాలిలో కలిసిపోయిన నీటి మాట?

మాధవ్: అది తాగే నీరు కాదమ్మా. చిలీ చట్టం కూడా దాన్ని ఖనిజం కిందే లెక్కగడుతుంది.

శారద: నేల కింద మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య గోడ లేదు కదా. కొండల నుంచి వచ్చే మంచినీరు తేలిక, సలార్‌లోని ఉప్పునీరు బరువు. మంచినీరు అంచుకు వచ్చేసరికి ఉప్పునీటి మీదికి ఎక్కి మడుగులుగా బయటపడుతుంది. రాజహంసలు మేసేది ఆ మడుగుల్లోనే. సలార్ మధ్యలో ఉప్పునీటిని తోడుతూ ఉంటే ఆ అంచు కదలదని ఎవరు హామీ ఇస్తారు? అక్కడి లికన్ అంటాయ్ ప్రజలు అడుగుతున్నది ఇదే.

మాధవ్: తోడకపోతే బ్యాటరీలు ఎక్కడి నుంచి వస్తాయి?

శారద: తోడవద్దని నేను అనలేదు. ఆ నీటినీ లెక్కలో వేయమంటున్నాను. పులికాట్‌కు రాజహంసలు రావడం మానేస్తే మనం ఊరుకుంటామా?

మాధవ్: ఊరుకోము.

శారద: మరి?

మాధవ్: సరే. ఇంతకీ కాటమార్కా?

శారద: 15,703 హెక్టార్లు. ఒప్పందం ప్రకారం ముందు అన్వేషణ.

మాధవ్: అక్కడ మెగ్నీషియం ఎంతో ముందు చూడాలి. బొలీవియాలోని ఉయునిలో లిథియం ఒక పాలు ఉంటే మెగ్నీషియం 20 పాళ్ళ దాకా ఉంది. అటకామాలో ఆరేడు పాళ్ళే. ఆ రెండిటినీ విడదీయడం ఎంత కష్టమంటే, నౌపడలో చేదు నీటిని...

శారద: సమయం అయిపోయింది. వచ్చే వారం పిన్ని ప్రశ్నలు. ఉంటాం.