గ్యాస్ కొట్టే ముందు ఒక మాట అడగండి

(విజయవాడ ఆటోనగర్‌లో ఆయుధపూజ రోజున కార్ ఏసీ మెకానిక్‌ల సమావేశంలో మాట్లాడినది)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న మా తమ్ముళ్లకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఉక్కలో ఎక్కువసేపు ఉంచుకోలేను, తీసి పక్కన పెడుతున్నాను. ఏమీ అనుకోకండి.

కొత్త గ్యాస్ గురించి చెప్పమన్నారు. చెప్తాను. ముందొక సంగతి అడగనివ్వండి. కారు వచ్చింది, ఏసీలో వేడిగాలి వస్తోందన్నారు. మీలో ఎంతమంది చెయ్యి ముందు సిలిండర్ మీదికి పోతుంది? నవ్వుతున్నారు. నాదీ అక్కడికే పోయేది.

పెట్రోలు ఖర్చయినట్టు గ్యాస్ ఖర్చవదు. మూసిన గొట్టాల్లో తిరిగేదే కదా! ఏళ్ల తరబడి గొట్టాల్లోంచి, సీళ్లలోంచి కొద్దికొద్దిగా పోవడం వేరు. పోయిన వేసవికి నింపింది ఈ వేసవికి లేదంటే అది లీకే. గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి, లీకున్న చోట చాలాసార్లు జిడ్డు మీద దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది. గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందువైపు జాలీ, అదే కండెన్సర్, దాని మూలలు, పైపు జాయింట్లు టార్చిలైటు వేసి చూడండి. చూడకుండా కొట్టామంటే, కస్టమర్ డబ్బు గాల్లోకి వదిలినట్టే.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కార్యదర్శి గారు పది నిమిషాలే ఇచ్చారు, అందులో ఐదు దీనికే పోతాయి.

2009 మే నెల. హైదరాబాద్ రూట్లో తిప్పే ఒక ట్యాక్సీ తమ్ముడు వచ్చాడు. "అన్నా, హైవే మీద చల్లగానే ఉంటుంది, ఊళ్లోకొచ్చి ఆగితే వేడిగాలి" అన్నాడు. నేను విన్నానా? ప్రెషర్ చూపే రెండు ముళ్ల గేజి తగిలించాను. కొంచెం తక్కువుందేమో అనుకుని గ్యాస్ కొట్టాను. గాలి మంచులా వచ్చింది. డబ్బులిచ్చి వెళ్లాడు. వారానికి మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టాను. మళ్లీ చల్లగా వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు అతను బండి దిగలేదు. ముందురోజు పురిటికి పుట్టింటికి వస్తున్న అమ్మాయిని బందరు తీసుకెళ్లాడట. దుర్గగుడి కింద, బెంజి సర్కిల్ దగ్గర ఈ ఫ్లైఓవర్లేవీ అప్పటికి లేవు. ఆగిన చోటల్లా లోపల పొయ్యే. ఆ అమ్మాయిని వాళ్లమ్మ తడి తువ్వాలు పెట్టి తుడుస్తూ కూర్చుందట. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. "మొదటి రోజే చెప్పాను గదన్నా" అన్నాడు, అంతే.

నిజమే, రోగం పేరు అతనే చెప్పాడు. బండి పరిగెత్తుతుంటే ఎదురుగాలి కండెన్సర్ వేడిని లాక్కుపోతుంది. ఆగితే ఆ పని ఫ్యాను చెయ్యాలి. ఆ కారుకి కండెన్సర్‌కి వేరే ఫ్యాను. చేత్తో తిప్పితే కదల్లేదు, మోటారు పట్టేసింది, ఫ్యూజు కాలిపోయింది. వేడి పోక ప్రెషర్ పెరిగితే స్విచ్ కంప్రెసర్‌ని కట్ చేస్తుంది. దాని మీద నేను రెండుసార్లు ఎక్కువ గ్యాస్ కొట్టి ఇంకా పెంచాను.

మరి మా షెడ్డులో చల్లగా ఎందుకొచ్చిందంటారా? మా కుర్రాళ్ల కోసం పెట్టిన పెద్ద పెడెస్టల్ ఫ్యాను సరిగ్గా బానెట్ ముందు తిరుగుతోంది. కండెన్సర్‌కి గాలి అదే కొడుతోంది!

ఇక్కడ చీటీ వచ్చింది, టైమయిందట. రెండు ముక్కలు. అడగండి: మొదట్నుంచీ వేడా, కాసేపు చల్లగా వచ్చి వేడెక్కుతుందా, ఆగితేనే వేడా, ఒకవైపు గ్రిల్లులోనే వేడా? ఒకవైపే అయితే డ్యాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే ఫ్లాపును కూడా అనుమానించండి. ఏసీ వేయగానే కంప్రెసర్ క్లచ్ 'టక్'మని పట్టిందా, చెవిపెట్టి వినండి. పట్టకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ చూడండి. పట్టినా గేజి ముళ్లు రెండూ దగ్గరదగ్గరే ఉంటే కంప్రెసర్ నొక్కడం లేదు. ఇంకోటి, బండి ఆపి ముల్లు చూసి గ్యాస్ నిండుగా ఉందనుకోకండి. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా చాలు, 40 డిగ్రీల వేడిలో పాత గ్యాస్ 134ఏ ప్రెషర్ 130 పీఎస్‌ఐ దాటి చూపిస్తుంది. ఎంత పట్టాలో గ్రాములు బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటాయి. ఉన్నది మెషీన్‌తో తీసి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, తూకం వేసి ఎక్కించండి.

కొత్త గ్యాస్ సంగతి కూడా ఒక్క మాటలో: 1234వైఎఫ్‌కి మండే గుణం కొంత ఉంది, దాన్ని ఎక్కించే పోర్టులు వేరు, పాతదానితో కలపకండి. మిగతాది టీ దగ్గర మాట్లాడుకుందాం.

ఆ ట్యాక్సీ తమ్ముడికి ఫ్యాను మోటారు నా డబ్బుతో వేసి, ఎక్కువైన గ్యాస్ తీసి సరిచేశాను. పెడెస్టల్ ఫ్యాను ఇప్పటికీ మా షెడ్డులోనే ఉంది. కాకపోతే కుర్రాళ్లు అన్నం తినే బల్ల వైపు తిప్పి, నేలకి బోల్టులు బిగించేశాను.