ఉట్రెడ్ కథ ఎవరు చెప్పాలి?

(విజయనగరంలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి చర్చ ‘ద లాస్ట్ కింగ్‌డమ్’ అనే టీవీ సీరియల్ గురించి. పాతకాలపు ఇంగ్లండ్‌లో ఉట్రెడ్ అనే కల్పిత యోధుడి కథ ఇది. బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన 13 నవలల వరుస ఆధారంగా 2015లో బీబీసీలో మొదలై, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లి, 2022లో ఐదో సీజన్‌తో ముగిసింది. మాస్టారూ, మీరు నవలలూ చదివారు, సీరియలూ చూశారు. ఏమంటారు?

నాటక దర్శకుడు: సీరియల్ నాకు చాలా ఇష్టమండీ. ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలిన ఆల్ఫ్రెడ్ రాజుగా డేవిడ్ డాసన్ కనిపిస్తే చూపు తిప్పుకోలేం. జబ్బుతో నలిగే ఒళ్లు, భక్తి, రాజ్యం కోసం పట్టుదల అన్నీ ఆ మొహంలోనే ఉంటాయి. కానీ నవలల్లో ఉన్నది ఒకటి ఇక్కడ పోయింది. అక్కడ కథ చెప్పేది ముసలి ఉట్రెడ్. ఆల్ఫ్రెడ్ అంటే అతనికి గిట్టదు, గౌరవం మాత్రం చావదు. తన గెలుపుని చర్చివాళ్లు ఇంకొకరి ఖాతాలో రాశారని మండిపడతాడు. ఆ కోపమే నన్ను పేజీ తిప్పించింది.

వ్యాఖ్యాత: సీరియల్లోనూ ఎపిసోడ్ మొదట్లో ఉట్రెడ్ గొంతు వినిపిస్తుంది కదండీ?

నాటక దర్శకుడు: అది వెనకటి కథ గుర్తుచేయడానికే. తర్వాత కెమెరా ఏది చూపిస్తే అదే జరిగిందని నమ్ముతాం. నవలల చివరికి అతను పండు ముసలివాడు. తెర మీద సీజన్లు మారినా మొహం పెద్దగా మారదు.

చరిత్ర అధ్యాపకురాలు: దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 878లో ఎడింగ్టన్ దగ్గర ఆల్ఫ్రెడ్ తన రాజ్యం మీదికి దండెత్తిన డేన్లని, అంటే వైకింగులని, ఓడించింది నిజం. ఆ యుద్ధంలో ఉట్రెడ్ ఉండటం కల్పన. చెప్పేది అభిమానం దెబ్బతిన్న ముసలాయన కాబట్టి, కాస్త పెంచి చెబుతున్నాడేమోనని చదివేవాళ్లకి అనిపిస్తుంది. పైగా నవల చివర రచయితే ఏది చరిత్రో, ఏది తన కల్పనో రాసి పెడతాడు. చూసేవాళ్లకి ఆ వీలు లేదు. మన బొబ్బిలి కథే చూడండి. 1757 జనవరి 24 నాటి యుద్ధాన్ని పాడేవాళ్లు బొబ్బిలి రాజు రంగారావు పక్షాన నిలబడి పాడతారు. వాళ్లు ఎవరి వైపో వినేవాళ్లకి తెలుసు. మనమేమో బొబ్బిలి మీదికి దండెత్తిన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఊళ్లో కూర్చుని మాట్లాడుతున్నాం. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆయన్ని గుడారంలో పొడిచి చంపిన ఘట్టం ఇక్కడ చెబితే ఒకలా ఉంటుంది, బొబ్బిలిలో చెబితే ఇంకోలా ఉంటుంది.

వ్యాఖ్యాత: మరి దాన్నే సీరియల్‌గా తీస్తే?

నాటక దర్శకుడు: చెప్పే మనిషిని ఉంచి తీయాలండీ. ఒక ఎపిసోడ్ బొబ్బిలివాళ్ల నోట, ఇంకోటి విజయనగరంవాళ్ల నోట. కోట లోపల ఆడవాళ్లూ పిల్లలూ చనిపోయిన ఘట్టం ఎవరి నోట చెప్పించాలో మాత్రం నాకు తెగడం లేదు.

చరిత్ర అధ్యాపకురాలు: విజయనగరం పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాపతి బుస్సీ సైన్యంలోని ఒక ఫ్రెంచి సిపాయి నోట చెప్పించండి మాస్టారూ. ఆ గోడల మీద పేలిన ఫిరంగులు వాళ్లవి. ఆ రెండు సంస్థానాల పగలో వాళ్లకి పాత లెక్కలేమీ లేవు.