దత్తత బిడ్డ ఇంటికి వచ్చే ముందు వంటింట్లో ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు వయసున్న బిడ్డను దత్తత తీసుకుని, మరికొద్ది రోజుల్లో ఇంటికి తెచ్చుకోబోతున్న తల్లిదండ్రుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసినా, రిఫరల్, అంటే ఫలానా బిడ్డ వివరాలు మీకు వచ్చిన తర్వాత, ఆ బిడ్డను మీ పేరున రిజర్వు చేసుకోవడానికి 48 గంటలే గడువు ఉంటుంది, ఆ తర్వాతి పనులు వారాల లెక్కన నడిచిపోతాయి. ఆ హడావిడిలో మంచం, బట్టలు, బొమ్మలు గుర్తుకు వచ్చినంతగా వంటింటి సరుకులు గుర్తుకు రావు.

మా పాప ఒక సంవత్సరం పది నెలల వయసులో మా ఇంటికి వచ్చింది. నేను రకరకాల పండ్లు, ఖరీదైన డబ్బా ఆహారాలు, నేతి మిఠాయిలు తెచ్చి అలమర నింపాను. మొదటి మూడు రోజులు పాప వాటిలో దేనినీ నోట పెట్టుకోలేదు, నెయ్యి వేసి కలిపిన పప్పన్నాన్ని కూడా ఉమ్మేసింది. చివరికి శిశుగృహలో తనను చూసుకున్న ఆయమ్మకు ఫోన్ చేస్తే, అక్కడ టమాటా పప్పును గంజిలా జారుగా కాచి, నెయ్యి లేకుండా అన్నంలో పిసికి, స్టీలు గిన్నెలో చెంచాతో పెట్టేవారని చెప్పింది. అలాగే వండి, అలాంటి గిన్నెలోనే పెట్టాను. పాప గిన్నె ఖాళీ చేసింది. అందుకే మీకు మొదట చెప్పదలచుకున్నది ఇదే: బిడ్డకు ఇప్పటికే తెలిసిన నాలుగైదు పదార్థాలను మూడు వారాలకు సరిపడా తెచ్చిపెట్టుకోండి, కొత్త రుచులను తర్వాత చూసుకోవచ్చు.

సరుకుల చీటీ రాయడానికి ముందు, శిశుగృహకు వెళ్లినప్పుడు అడగవలసిన ప్రశ్నలను ఒక పుస్తకంలో రాసుకోండి. వైద్య నివేదికలో బరువు, రక్తహీనత వంటి వివరాలు ఉంటాయి కానీ, అన్నం ఎంత మెత్తగా పిసకాలో అందులో ఉండదు. ఆ సంగతి ఆయమ్మలకే తెలుస్తుంది. పాలు పొడివా, ప్యాకెట్‌వా, వాటిలో నీళ్లు ఎంత కలుపుతారు, సీసాతో ఇస్తారా, గ్లాసుతోనా, కారం అలవాటు ఉందా, గుడ్డు పెడుతున్నారా, ఉదయం ఎన్ని గంటలకు మొదటి ఆహారం ఇస్తారు, దేనికైనా దద్దుర్లు వచ్చాయా అని ఓపికగా, మర్యాదగా అడగండి. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా నెలకు బాలామృతం అనే పోషకాహార పొడి రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. మీ బిడ్డ దానికి అలవాటు పడి ఉంటే, మీ వీధికి దగ్గరలోని అంగన్‌వాడీ టీచర్‌ను ముందుగానే కలిసి మాట్లాడండి.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న సరుకులను చూడండి. ఈ వయసు బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి, ఒక్కో భోజనానికి ముప్పావు కప్పు నుంచి కప్పు వరకు పడుతుంది. ఆ లెక్కన మూడు వారాలకు రెండు కిలోల బియ్యం, ముప్పావు కిలో పెసరపప్పు, అరకిలో కందిపప్పు, అరకిలో రాగి పిండి, అరకిలో ఇడ్లీ రవ్వ, దానికి పావుకిలో మినప్పప్పు సరిపోతాయి. బియ్యం కూడా వీలైతే అక్కడ వాడే రకమే తెచ్చుకోండి, ఎందుకంటే అన్నం వాసన మారినా గుర్తుపట్టే పిల్లలు ఉంటారు. పాలు రోజుకు అర లీటరు దాటకుండా చూసుకోండి. పాలతోనే కడుపు నిండిపోతే అన్నం, పప్పు, ఆకుకూరల మీద ఆకలి తగ్గి, శరీరానికి అందే ఇనుము కూడా తగ్గుతుంది.

వీటిలో ముందుగా చేసి నిల్వ ఉంచుకోదగినది ఉగ్గు రవ్వ. మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు పెసరపప్పు విడివిడిగా కడిగి, నీడపట్టున బట్ట మీద తడి లేకుండా ఆరబెట్టాను. వీటిని సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, చిటికెడు జీలకర్ర వేసి, చల్లారిన తర్వాత ఇలా బరకగా ఆడించాలి. తడి తగలని స్టీలు డబ్బాలో ఉంచితే మూడు వారాలకు ఇబ్బంది ఉండదు. వండేటప్పుడు ఒక వంతు రవ్వకు నాలుగైదు వంతుల నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ మెత్తగా ఉడికించండి. బిడ్డ నిద్రలేచి ఏడుస్తున్నప్పుడు పావుగంటలో గిన్నె చేతికి అందుతుంది.

కొన్నింటిని మాత్రం అందుబాటులో ఉంచకండి. వేరుశనగ గుళ్లు, పుట్నాలు, పేలాలు, గట్టి మిఠాయి బిళ్లలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ద్రాక్షను నిలువుగా చీల్చి మాత్రమే పెట్టాలి.

ఇక చాలామంది తల్లిదండ్రులను కలవరపెట్టే విషయానికి వస్తాను. పది మంది పిల్లల మధ్య, గంట ప్రకారం తిని పెరిగిన బిడ్డ, పళ్లెం తీసేస్తే గుండె పగిలినట్లు ఏడవవచ్చు, నమలకుండా గబగబా మింగవచ్చు, ఇడ్లీ ముక్కను పిడికిలిలో పట్టుకునే నిద్రపోవచ్చు. దీన్ని మొండితనమని, అత్యాశ అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. మళ్లీ అన్నం దొరుకుతుందో లేదోనన్న భయమే అది. దానికి మందుగా బిడ్డ చేతికి అందే ఎత్తులో ఒక మూత డబ్బా పెట్టి, మెత్తని ఇడ్లీ ముక్కలు, అరటిపండు ముక్కలు బిడ్డ చూస్తుండగానే అందులో నింపండి. ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ నింపండి, పాడయ్యే లోపు మార్చండి, బిడ్డ తినేటప్పుడు పక్కనే కూర్చోండి. మా పాప మొదటి రెండు వారాలు ఆ డబ్బాను ఒడిలో పెట్టుకునే తిరిగింది, తర్వాత తానే అలమరలో వదిలేయడం మొదలుపెట్టింది. బరువు బాగా తక్కువగా ఉన్న బిడ్డకు ఒకేసారి ఎక్కువ పెట్టకుండా, పిల్లల డాక్టర్‌ను అడిగి కొద్దికొద్దిగా పెంచండి.

మొదటి కొన్ని వారాలు అమ్మానాన్నలే తినిపించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అమ్మమ్మకు, నానమ్మకు మనవరాలికి ముద్దలు పెట్టాలని ఎంతో ఆశ ఉంటుంది, ఆ మాట చెప్పడం కష్టమే. మా అత్తగారితో నేను, "అత్తయ్యా, ఈ నెల మా ఇద్దరి వంట మీరు చూసుకుంటే పాపను మేము వదలకుండా చూసుకుంటాం" అన్నాను. ఆవిడ కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, పులిహోర పులుసు చేసి సీసాలకు ఎత్తి ఇచ్చారు. అన్నం ఒక్కటి వండుకుంటే మా భోజనం అయిపోయేది. పెద్దవాళ్ల తిండి కూడా ఇలా ముందే సిద్ధంగా లేకపోతే, ఇద్దరిలో ఒకరు పొయ్యి దగ్గరే ఉండిపోతారు.

చివరగా, మందుల పెట్టెలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి. నీళ్లు, తిండి మారినప్పుడు విరేచనాలు కావచ్చు. లీటరు ప్యాకెట్‌ను మొత్తంగా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి.

బిడ్డను తెచ్చుకునే రోజు సంచిలో నాలుగు మెత్తని ఇడ్లీలు, రెండు అరటిపండ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, తుడుచుకోవడానికి పాత నూలు గుడ్డ, ఒక స్టీలు గిన్నె, చెంచా పెట్టుకోండి. బయలుదేరే ముందు ఆ పూట బిడ్డ ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో ఆయమ్మను అడిగి రాసుకోండి. ఆ రాత్రి ఇంట్లో అదే వండండి.